ఎముక ముందుగా ఎవరి కంటపడింది?

సోమవారం, స్టెర్క్‌ఫాంటైన్

జోహన్నెస్‌బర్గ్ నుంచి వాయవ్యంగా 50 కిలోమీటర్లు వెళ్ళేసరికి రోడ్డుకి రెండు పక్కలా గడ్డి కొండలు మొదలయ్యాయి. ప్రపంచ వారసత్వ స్థలం అన్న బోర్డు లేకపోతే ఇక్కడ ఆగాలని ఎవరికీ తోచదు. చూడవలసిందంతా నేల కింద గుహల్లో ఉంది.

గైడ్ ఇచ్చిన హెల్మెట్లు పెట్టుకుని మెట్లు దిగాం. నాతో అక్క ఉంది. ఆమె ఎముకల డాక్టర్. మనిషి పూర్వీకుల శిలాజాల పిచ్చి నాది, ఎముకల జ్ఞానం ఆమెది. అందుకే ఎప్పట్నించో ఈ ప్రయాణం ఇద్దరం కలిసే చేయాలనుకున్నాం.

ఈ కొండలన్నీ డోలమైట్ రాయి. వాననీరు పగుళ్ళలోంచి ఇంకి, లక్షల ఏళ్ళపాటు ఆ రాయిని కరిగిస్తూ లోపల గదులు తొలిచింది. ఎక్కడైనా పైకప్పుకి చిల్లు పడితే అందులోంచి మట్టి, రాళ్ళు, కాలుజారిన జంతువులు, చిరుతలు తిని వదిలేసిన ఎముకలు లోపలికి పడ్డాయి. సున్నం కలిసిన నీళ్ళు వాటన్నిటినీ పట్టేసి గట్టి రాయిగా మార్చాయి. ఎముకలు ఇన్నాళ్ళు నిలిచింది ఆ సున్నం వల్లే. వాటిని బయటికి తీయడం అంత కష్టమైందీ దాని వల్లే.

శాస్త్రవేత్తల కంటే ముందు ఇక్కడికి సున్నపురాయి కోసం గని కార్మికులు వచ్చారు. డైనమైట్ పెట్టి పేల్చేవారు. తర్వాత వచ్చిన శిలాజ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూమ్ కూడా డైనమైట్ వాడాడు. 1947 ఏప్రిల్ 18న ఆయన, సహచరుడు జాన్ రాబిన్సన్ చేసిన పేలుడులో మనిషి వంశానికి చెందిన ఒక పుర్రె రెండు ముక్కలై బయటపడింది. అదే 'మిసెస్ ప్లెస్'. ఈ గుహలోంచి వచ్చిన శిలాజాల్లో అందరికీ తెలిసిన పేరు అదే. కానీ నేను వచ్చింది ఇంకో కథ కోసం.

1994లో రాన్ క్లార్క్ అనే శాస్త్రవేత్త ఇక్కడి పాత ఎముకల పెట్టెలు తిరగేస్తుంటే, జంతువులవని పక్కన పెట్టినవాటిలో నాలుగు చిన్న పాదపు ఎముకలు కనిపించాయి. చూడగానే అవి జంతువులవి కావు, మనిషి వంశానివని ఆయనకు అర్థమైంది. మూడేళ్ళ తర్వాత అదే జీవివి ఇంకొన్ని దొరికాయి. వాటిలో పిక్క ఎముక ముక్క ఒకటి గనివాళ్ళ పేలుడుకి విరిగి ఉంది. అంటే మిగతా ముక్క ఇంకా గుహ గోడలోనే ఉండాలి. క్లార్క్ ఆ విరిగిన కొసకి అచ్చు తీసి, తనతో పనిచేసే స్టీఫెన్ మోట్సుమీ, ఎన్‌క్వానే మొలేఫేలకు ఇచ్చాడు. దీనికి అతికే ముక్క ఎక్కడుందో చూడమన్నాడు. సిల్బర్‌బర్గ్ గ్రోటో అనే ఆ గది చీకటి గుయ్యారం. చేతి దీపాలు పట్టుకుని వాళ్ళిద్దరూ గోడలు వెతికారు. రెండు రోజుల్లో పట్టేశారు. అచ్చు సరిగ్గా అతికింది.

ఆ గోడలోంచి అస్థిపంజరాన్ని పూర్తిగా తీసి లోకానికి చూపించేసరికి 2017 డిసెంబర్ వచ్చింది. దాని పేరు 'లిటిల్ ఫుట్'. 90 శాతానికి పైగా ఎముకలు దొరికాయి. వయసు సుమారు 36 లక్షల 70 వేల ఏళ్ళని ఒక లెక్క. అంత పాతది కాదనే శాస్త్రవేత్తలూ ఉన్నారు.

"విరిగిన కొస చూసి రెండో ముక్కని నువ్వు గుర్తుపట్టగలవా అక్కా?" అని అడిగాను.

"రెండూ నా ముందు పెడితే చెప్తాన్రా. అంత పెద్ద గోడ మీద, రాయిలో కూరుకుపోయిన ఎముక రంగు మాత్రమే చూసి పట్టాలంటే, అది వేరే చదువు."

ఆ వేరే చదువు గురించే నా తపనంతా. పుస్తకాల్లో ఏ శిలాజం గురించి చదివినా ప్రొఫెసర్ పేరు ఉంటుంది, జాతికి పెట్టిన లాటిన్ పేరు ఉంటుంది. మొదట చూసిన కన్ను ఎవరిదో చాలాసార్లు ఉండదు, ఉన్నా ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఈ దారిలో వెళ్ళిన ప్రతిచోటా అదే అడగాలని నిర్ణయించుకున్నాను.

ఈ గుహకి దగ్గర్లోనే క్రోమ్‌డ్రాయ్ ఉంది. 1938లో గెర్ట్ టెర్‌బ్లాంచ్ అనే బడిపిల్లాడు అక్కడ పుర్రె ముక్కలు, పళ్ళు ఏరాడు. ఆ సంగతి విని బ్రూమ్ నేరుగా బడికే వెళ్ళాడు. కుర్రాడు జేబులోంచి నాలుగు పళ్ళు తీసి చూపించాడు. బడి వదిలే టైమ్ ఇంకా కాలేదని బ్రూమ్ ఆ పిల్లలందరికీ గుహల గురించి పాఠం చెప్పి, తర్వాత గెర్ట్ వెంట కొండెక్కాడు. మనిషికి దూరపు చుట్టమైన పారాంత్రోపస్ రోబస్టస్ అనే జాతి లోకానికి తెలిసింది అలా.

మంగళవారం, మరోపెంగ్

స్టెర్క్‌ఫాంటైన్‌కి కొద్ది దూరంలో ఉన్న మరోపెంగ్ సందర్శకుల కేంద్రంలో పిల్లలతో వచ్చిన కుటుంబాలు ఎక్కువ. మేం మాత్రం 'టాంగ్ శిశువు' అనే శిలాజ పుర్రె నమూనా దగ్గర చాలాసేపు ఉండిపోయాం. ఒరిజినల్ విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం భద్రతలో ఉంటుంది.

ఆఫ్రికాలోనే మనిషి పుట్టాడన్న మాటకి మొదటి గట్టి సాక్ష్యం ఈ చిన్న ముఖమే. 1924లో జోసెఫిన్ సాల్మన్స్ అనే అనాటమీ విద్యార్థిని, సున్నపు గనుల కంపెనీ డైరెక్టర్ ఇంట్లో ఒక బబూన్ శిలాజ పుర్రె చూసి తన ప్రొఫెసర్ రేమండ్ డార్ట్‌కి చెప్పింది. అలాంటివి ఇంకా ఉంటే పంపమని డార్ట్ కబురు చేశాడు. టాంగ్ దగ్గర బక్స్‌టన్ క్వారీలో డి బ్రైన్ అనే కార్మికుడు, పేలుడులో బయటపడిన ఒక రాయిని చూసి, అది మెదడు ఆకారంలో ఉందని గమనించి పక్కన పెట్టాడు. ఆ పెట్టెలు వచ్చేసరికి డార్ట్ ఇంట్లో స్నేహితుడి పెళ్ళి హడావిడి. పెళ్ళి బట్టల్లోనే పెట్టె తెరిచాడు. ఆ తర్వాత వారాల తరబడి అల్లికసూదులతో రాయిని గీకి గీకి, డిసెంబర్ 23న ముఖాన్ని బయటికి తెచ్చాడు.

అక్క నమూనాని కింది వైపు నుంచి చూపించింది. వెన్నుపాము పుర్రెలోకి వెళ్ళే రంధ్రం కోతుల్లో కాస్త వెనక్కి ఉంటుంది. ఇందులో ముందుకి, దాదాపు పుర్రె కింద మధ్యలో ఉంది. అంటే తల వెన్నెముక మీద నిటారుగా నిలిచింది, ఈ పిల్ల రెండు కాళ్ళ మీద నడిచింది. పాలపళ్ళ వెనక మొదటి శాశ్వత దవడపళ్ళు అప్పుడే వస్తున్నాయి. మూడు నాలుగేళ్ళ వయసు. పెద్ద గద్ద ఎత్తుకుపోయి చంపిందని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు, కంటి గుంతల్లో గోళ్ళ గాట్లున్నాయి.

1925 ఫిబ్రవరిలో డార్ట్ వ్యాసం అచ్చయితే లండన్ పెద్దలు కొట్టిపారేశారు. అప్పటికే వాళ్ళ దగ్గర ఇంగ్లండ్‌లోనే దొరికిన 'పిల్ట్‌డౌన్ మనిషి' ఉన్నాడు మరి. మనిషి పుర్రెకి ఒరాంగుటాన్ దవడ తగిలించి చేసిన ఆ దొంగ శిలాజం గుట్టు 1953లో గానీ రట్టు కాలేదు. ఒక తప్పుడు ఎముక నిజమైన ఎముకని దశాబ్దాల పాటు తొక్కిపట్టింది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఇదే.

ఈ కొండల్లో కొత్త కథలూ తక్కువేం కాదు. 2008లో మలాపా దగ్గర తొమ్మిదేళ్ళ మాథ్యూ బర్గర్ కుక్క వెంట పరిగెడుతూ ఒక రాయి ఎత్తితే అందులో మెడ దగ్గరి జత్రుక ఉంది. అది ఆస్ట్రలోపిథెకస్ సెడిబా అనే కొత్త జాతిది. 2013లో రిక్ హంటర్, స్టీవెన్ టక్కర్ అనే గుహయాత్రికులు రైజింగ్ స్టార్ గుహలో 18 సెంటీమీటర్ల ఇరుకు సందులోంచి దిగి నేలంతా పరుచుకున్న ఎముకలు చూశారు. ఆ సందులో పట్టేవాళ్ళు కావాలని ప్రకటన ఇచ్చి, ఆరుగురు మహిళా శాస్త్రవేత్తలను ఎంపిక చేసి దించారు. పదిహేను వందలకు పైగా శిలాజాలు వచ్చాయి. అదే హోమో నలేడి అనే జాతి. చిన్న మెదడు, వయసు చూస్తే మూడు లక్షల ఏళ్ళ చుట్టుపక్కలే. మన జాతి అప్పటికే మొదలైంది. దీన్ని మన వంశవృక్షంలో ఏ కొమ్మ మీద పెట్టాలో ఇప్పటికీ వాదన నడుస్తోంది.

బుధవారం, ప్రయాణం

నైరోబీకి విమానం. రోజంతా దీనికే పోయింది.

గురువారం, నైరోబీ జాతీయ మ్యూజియం

పక్షుల గది, ఏనుగు బొమ్మ, అన్నీ దాటేసి నేరుగా మానవ మూలాల విభాగానికి వెళ్ళాం. టుర్కానా బాలుడు గాజు వెనక ఉన్నాడు. నిజంగా చెబుతున్నాను, ఆ ముందు నిలబడినప్పుడు గొంతు పట్టేసింది. ఇన్ని లక్షల ఏళ్ళ కిందటి ఎముక అని తెలిసినా కళ్ళకి కనిపించేది ఒక పిల్లాడే.

1984 ఆగస్టు. కెన్యా ఉత్తరాన, టుర్కానా సరస్సు పడమటి ఒడ్డున, నారియోకొటోమే అనే ఎండిన ఏటి పక్కన శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లీకీ బృందం గుడారాలు వేసుకుంది. పనికి సెలవు రోజు. బృందంలోని కమోయా కిమేయు ఊరికే నడుద్దామని బయల్దేరి, నల్లటి గులకరాళ్ళ మధ్య దాదాపు అదే రంగులో ఉన్న చిన్న ముక్క చూశాడు. నుదుటి ఎముక. పక్కన నడిచేవాళ్ళకి అది మరో గులకరాయే. అక్కడ తవ్వి, మట్టి జల్లెడ పట్టిన కొద్దీ నూటికి పైగా ఎముకలు బయటికి వచ్చాయి. పుర్రె ముక్కలు కొన్ని ముళ్ళచెట్టు వేళ్ళ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. 15 నుంచి 16 లక్షల ఏళ్ళ నాటి హోమో ఎరెక్టస్ అనే పూర్వ మానవ జాతి పిల్లాడి అస్థిపంజరం. అంత పాత కాలం వాళ్ళలో అంత పూర్తిగా దొరికినవాడు అప్పటికి మరొకడు లేడు.

చనిపోయేనాటికి వాడి ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లు. పళ్ళ ఎదుగుదల చూసి లెక్కిస్తే వయసు ఎనిమిది తొమ్మిదేళ్ళే కావచ్చంటారు. మనకంటే తొందరగా ఎదిగే జాతి. అక్క కాళ్ళ పొడవు చూసింది, తర్వాత దవడ దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడ చూడు. పాలపన్ను ఊడిన చోట ఇన్ఫెక్షన్ ఆనవాళ్ళున్నాయట. అదే రక్తంలోకి వెళ్ళి పోయుండొచ్చు. ఇప్పుడైతే యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోయేది," అంది. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కమోయా కిమేయు పెద్ద చదువులు చదివినవాడు కాదు. 1960లో ఓల్డువాయ్ లోయ తవ్వకాల్లో కూలీగా చేరాడు. 1964లో టాంజానియాలోని పెనింజ్ దగ్గర పారాంత్రోపస్ దవడ కనిపెట్టాడు. ఆయన నడిపించిన బృందానికి 'హోమినిడ్ గ్యాంగ్' అని పేరు. ఆ బృందంలోని బెర్నార్డ్ ఎంగెనియో 1972లో టుర్కానా తూర్పు ఒడ్డున చూసిన చిన్న ముక్కలను, నూట యాభైకి పైగా పోగుచేసి, రిచర్డ్ భార్య మీవ్ లీకీ అతికించింది. అదే పెద్ద మెదడున్న 1470 నంబరు పుర్రె. 1975లో అదే ప్రాంతంలో 3733 నంబరు హోమో ఎరెక్టస్ పుర్రె చూసిందీ ఎంగెనియోనే.

వీళ్ళు ఎలా వెతుకుతారో తెలుసుకోవాలని నాకు ఎప్పటి నుంచో ఆశ. తవ్వకంతో మొదలు పెట్టరు. వానలకి మట్టి కొట్టుకుపోయి కొత్తగా బయటపడిన వాలుల మీద, తల వంచుకుని, వరసగా నడుస్తారు. ఎముకకి రాయి కంటే వేరే మెరుపు, లోపల తేనెతుట్టె లాంటి అల్లిక ఉంటుంది. అది మేక ఎముకా, జింక ఎముకా, మనిషి వంశానిదా అన్నది గోరంత ముక్కలోనే తేల్చాలి. ఏళ్ళ తరబడి జంతువుల ఎముకలు చేత్తో పట్టి చూసినవాళ్ళకే అది వస్తుంది.

కిమేయు 2022లో కన్నుమూశారు. దానికి ఏడాది ముందు ఒక అమెరికన్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. చాలా ఆలస్యంగా ఇచ్చారని నాకనిపించింది.

శుక్రవారం, నమాంగా మీదుగా కరాటుకి

టాంజానియా సరిహద్దు దగ్గర లైను, ఆ తర్వాత అరూషా, ఆ తర్వాత దుమ్ము. సాయంత్రం మన్యారా సరస్సు దగ్గర నేల ఒక్కసారిగా గోడలా లేచింది. అదే రిఫ్ట్ లోయ అంచు. ఇక్కడ భూమి పొర సాగి, మధ్య భాగం కుంగిపోయింది. కుంగిన చోట సరస్సులు ఏర్పడి, బురద పొరలు పొరలుగా పేరుకుని ఎముకలను దాచింది. పక్కనే అగ్నిపర్వతాలు పేలుతూ ఆ పొరల మధ్య బూడిద పరిచాయి. ఆ బూడిదే గడియారం. అందులోని స్ఫటికాల్లో ఉండే ఒక రకం పొటాషియం చాలా నెమ్మదిగా ఆర్గాన్ వాయువుగా మారుతుంది. కరిగిన లావాలో ఉన్నప్పుడు ఆర్గాన్ బయటికి పోతుంది కాబట్టి, చల్లబడ్డాక లోపల ఎంత చేరిందో కొలిస్తే పేలుడు ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. దక్షిణాఫ్రికా గుహల్లో ఇలాంటి బూడిద లేదు. లిటిల్ ఫుట్ వయసు మీద అంత గొడవ ఉండటానికి అదొక కారణం.

శనివారం, ఓల్డువాయ్

ఎంగొరొంగొరో అగ్నిపర్వత బిలం అంచు మీద చలి, మంచు. అవతలికి దిగాక ఎండ. సెరెంగెటి రోడ్డు మీద ఓల్డువాయ్ మలుపు దగ్గర రెండు పెద్ద పుర్రెల స్మారకం కనిపించింది. ఒకటి పారాంత్రోపస్ బాయిసేయి, రెండోది హోమో హబిలిస్. ఈ రెండు జాతులూ ఈ లోయలోనే ఒకే కాలంలో బతికాయి.

మ్యూజియం పక్కన నిలబడి చూస్తే లోయ మొత్తం పొరలుగా కనిపిస్తుంది. అడుగున బూడిద రంగు, మధ్యలో ఎర్ర పొర, పైన లేత రంగు. అడుగు పొర దాదాపు 20 లక్షల ఏళ్ళ నాటిది. రిచర్డ్ తండ్రి లూయిస్ లీకీ 1931 నుంచి ఇక్కడ వెతికాడు. రాతి పనిముట్లు కుప్పలుగా దొరికాయి, వాటిని చేసినవాడు మాత్రం దొరకలేదు. 1959 జూలై 17న లూయిస్ జ్వరంతో గుడారంలో పడుకున్నాడు. ఆయన భార్య మేరీ లీకీ తన కుక్కలతో ఒంటరిగా వాలు మీద నడుస్తూ, మట్టిలోంచి పొడుచుకొచ్చిన ఎముక చూసింది. బ్రష్ తీసి కాస్త తుడిస్తే రెండు పెద్ద పళ్ళు. వందల ముక్కలను అతికిస్తే వచ్చిన పుర్రెకి 'జింజ్' అని పేరు పడింది. స్మారకంలోని పారాంత్రోపస్ బాయిసేయి అదే. రెండేళ్ళకి పొటాషియం పద్ధతిలో 17 లక్షల 50 వేల ఏళ్ళని తేలేసరికి అందరూ ఆశ్చర్యపోయారు. అప్పటిదాకా మనిషి వంశానికి అంత వయసు ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

దొరికిన చోట ఒక శిలాఫలకం ఉంది. అక్కడిదాకా దిగి వెళ్ళాం. నిజమైన పుర్రె దార్ ఎస్ సలామ్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. 1960లో మేరీ కొడుకు జొనాథన్ దగ్గర్లోనే హోమో హబిలిస్ దవడ చూశాడు. 1968లో పీటర్ ఎన్‌జూబే నలిగిపోయిన ఇంకో హబిలిస్ పుర్రె కనిపెట్టాడు.

మ్యూజియంలో లేటోలీ పాదముద్రల అచ్చు ఉంది. అసలు చోటు ఇక్కడికి దక్షిణంగా 45 కిలోమీటర్లు. చెట్ల వేళ్ళు పాడుచేస్తున్నాయని 1990లలో జాగ్రత్తగా తిరిగి పూడ్చేశారు కాబట్టి మామూలుగా చూడటం కుదరదు. 36 లక్షల 60 వేల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం బూడిద కురిసింది, పైన చిన్న జల్లు పడింది, ఆ తడి మీద నడిచిన జాడలు ఎండి గట్టిపడ్డాయి. మళ్ళీ బూడిద పడి వాటిని కప్పేసింది. వానచినుకుల గుంటలు కూడా అలాగే ఉన్నాయి. 1976లో ఆండ్రూ హిల్ అనే శాస్త్రవేత్త, సహచరులు ఎండిన ఏనుగు పేడ విసురుకుంటూ ఆడుతుంటే హిల్ కింద పడి, ముఖం ముందు ఉన్న జంతువుల అడుగులు చూశాడు. 1978లో పాల్ ఏబెల్ మనిషి మడమ లాంటి గుర్తు చూశాడు. అక్కడ తవ్వమంటే ఎన్‌డిబో ఎంబుయికా తవ్వి, పక్కపక్కన నడిచిన ఒక పెద్ద అడుగు, ఒక చిన్న అడుగు బయటపెట్టాడు. సుమారు 70 పాదముద్రలున్న ఆ బాట అక్కడి నుంచే తెరుచుకుంది.

అక్క అచ్చు పక్కన వంగి చూసింది. "బొటనవేలు మిగతా వేళ్ళతో పాటే ఉంది, కోతిలా పక్కకి పోలేదు. మడమ ముందు దిగింది, తర్వాత బరువు ముందుకి జరిగింది. నడక ఇదేరా."

ఆదివారం

కిలిమంజారో విమానాశ్రయం దాకా రోడ్డు, అక్కడి నుంచి అడిస్ అబాబా. ఎత్తు మీద ఉన్న ఊరు, రాత్రి చలి బాగానే ఉంది.

సోమవారం, అడిస్ అబాబా

ఇథియోపియా జాతీయ మ్యూజియం కింది అంతస్తులో లూసీ అనే పేరుమోసిన అస్థిపంజరం ఉంది. ఇక్కడ ఆమెను డింకినెష్ అంటారు. గాజు పెట్టెలో ఉన్నది నమూనా, అసలు ఎముకలు ఇదే సంస్థ భద్రంగా దాచింది. 1974 నవంబర్ 24న ఈ దేశంలోని హదార్‌లో ఒక వాగు గట్టు మీద డొనాల్డ్ జొహాన్సన్ అనే శాస్త్రవేత్త మోచేతి ముక్క చూశాడు. పక్కన టామ్ గ్రే ఉన్నాడు. వెతికితే అస్థిపంజరంలో 40 శాతం వచ్చింది. ఏ ఎముకా రెండుసార్లు రాలేదు కాబట్టి ఒకే వ్యక్తివి. జ్ఞానదంతాలు వచ్చేశాయి కాబట్టి పెద్దమనిషే, ఎత్తు మాత్రం మూడున్నర అడుగులు. వయసు దాదాపు 32 లక్షల ఏళ్ళు.

ఇక్కడ అక్కని కదపడం నావల్ల కాలేదు. తుంటి ఎముక పొట్టిగా, వెడల్పుగా మనలాగే ఉంది. తొడ ఎముక మోకాలి వైపు లోపలికి వంగి వచ్చింది, ఒంటికాలి మీద బరువు మోయడానికి. మెదడు మాత్రం చింపాంజీదంత. ముందు నడక వచ్చింది, మెదడు చాలా తర్వాత పెరిగింది. పిల్ట్‌డౌన్ నమ్మినవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులుగా ఊహించారు.

2016లో కొందరు పరిశోధకులు లూసీ చెట్టు మీంచి పడి చనిపోయిందన్నారు. భుజం దగ్గర చేతి ఎముక నలిగిన తీరు వాళ్ళ సాక్ష్యం. జొహాన్సన్ లాంటివాళ్ళు ఒప్పుకోలేదు, రాళ్ళ కింద నలిగిన జంతువుల ఎముకలూ అలాగే ఉంటాయన్నారు.

"ఎత్తు నుంచి పడుతూ చేతులు చాపినవాళ్ళలో ఇలాంటి ఫ్రాక్చర్ నేను చూస్తూనే ఉంటాను," అంది అక్క. "కానీ మా పేషెంట్ మీద లక్షల ఏళ్ళు కొండ కూర్చోదు కదా. దీన్నిబట్టి నేను కేసు రాయను." నాకూ ఆ జాగ్రత్తే నచ్చింది.

హదార్‌లో లూసీ కంటే కొన్ని వారాల ముందే దవడలు కనిపెట్టినవాడు అలెమయెహు అస్ఫా. 2000 డిసెంబర్‌లో డికికాలో మూడేళ్ళ పాప 'సెలామ్' ముఖాన్ని ఇసుకరాయిలో చూసింది తిలాహున్ గెబ్రెసెలాస్సీ. ఆ రాయిని పళ్ళ డాక్టర్ల డ్రిల్‌తో రేణువు రేణువుగా తీస్తూ జెరెసెనాయ్ అలెమ్‌సెగెద్ ఏళ్ళు గడిపాడు. 1994లో 44 లక్షల ఏళ్ళ 'ఆర్డి' అనే అస్థిపంజరం చేతి ఎముకలు మొదట చూసింది అప్పటికి విద్యార్థిగా ఉన్న యొహాన్నెస్ హైలే సెలాస్సీ. ఈ దేశంలో ఎముక చూసేవాళ్ళే ఆ తర్వాత దాని మీద వ్యాసం రాసేవాళ్ళుగా ఎదిగారు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది ఇదే.

గైడ్‌ని నా ప్రశ్న అడిగితే ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. 2016 ఫిబ్రవరిలో అఫార్ ప్రాంతంలో మిరో డోరా అనే చోట, అలీ బెరెయినో అనే స్థానిక పశువుల కాపరి నేల మీద పై దవడ చూసి యొహాన్నెస్ బృందానికి కబురు చేశాడు. చుట్టూ వెతికితే మిగతా పుర్రె దొరికింది. 38 లక్షల ఏళ్ళ నాటి ఆస్ట్రలోపిథెకస్ అనమెన్సిస్ అనే జాతిది. ఆ జాతి ముఖం ఎలా ఉంటుందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. 2019లో వివరాలు వచ్చాయి. అనమెన్సిస్ మొత్తంగా లూసీ జాతిగా మారిపోయిందన్న పాత లెక్క సరిపోలేదు, రెండూ కనీసం లక్ష ఏళ్ళు పక్కపక్కనే బతికాయని ఆ బృందం వాదిస్తోంది. కాదనేవాళ్ళూ ఉన్నారు. అది తేలాలంటే ఆ కాలానికి చెందిన పుర్రె ఇంకొకటైనా కావాలి. దానికోసం అఫార్ వాలుల మీద జనం ఇప్పటికీ తల వంచుకుని నడుస్తున్నారు.